అడుగు కనబడే నీళ్లు

వానాకాలంలో మన గల్లీల్లో నీళ్లు నిలుస్తున్నాయని తిట్టేవాళ్లంత కృతఘ్నులు ఇంకెవరూ ఉండరు. దీవులకు పోయి, వేలకు వేలు పోసి జనం నేర్చుకునే విద్యను మన గడప ముందుకే తెచ్చి ఉచితంగా నేర్పుతుంటే, దానికి ముంపు అని పేరు పెడతారా? ఊపిరి బిగబట్టడం మీరెక్కడ నేర్చుకున్నారు? పొంగిన మురుగు మోరీ పక్కన కాదూ! ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో కూరగాయల సంచీ పట్టుకుని మోకాటి లోతు నీళ్లలో పడకుండా నడవడం ఏ సర్కసు కంపెనీ నేర్పింది?

నమ్మనివాళ్లు రాజమణి సంగతి వినండి.

రాజమణి శాలిబండలో చీరలకు ఫాల్ కుట్టే కొట్టు నడుపుతుంది. భర్త గుండయ్య కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. అద్దె ఇళ్లతో విసిగి, జల్‌పల్లి దిక్కున ఓ కొత్త కాలనీలో చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నారు. ఊరి పేరులోనే జలం ఉందని రిజిస్ట్రేషన్ నాడు ఎవరికీ తట్టలేదు. మొదటి వానకే ఇల్లు దీవి అయింది. దీవిలో సొంతిల్లు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

ఒక వానాకాలం సాయంత్రం రాజమణి షేర్ ఆటో దిగి, నడుం లోతు నీళ్లలో ఇంటికి నడుస్తూ మూత లేని మ్యాన్‌హోల్‌లోకి జారిపోయింది. ఎదురింటి మున్నీ ఆమె జడ దొరకబుచ్చుకుని లాగింది కాబట్టి బతికింది. అప్పటి నుంచి ఆమెకు నీళ్లంటే వణుకు. మబ్బు పడితే ఇంటికి పోదు, కొట్టులోనే చీరల మూటల మీద ఒరుగుతుంది. బకెట్లో మునిగిన చెంబు తీయాలన్నా ముందు కట్టెతో కెలికి చూస్తుంది.

అలాంటి మనిషిని గుండయ్య, ఆఫీసే టికెట్ల ఖర్చు ఇచ్చే ఎల్టీసీ మీద అండమాన్ తీసుకుపోయాడు. ఆఫీసులో అందరూ పోయొచ్చారు, తానొక్కడే మిగిలాడు. అందరూ చూసిన సముద్రాన్ని చూడకుండా రిటైరైతే పరువు ఏం కావాలి?

"సముద్రంల దిగుడు నాకేం కొత్తగాదు. మన గల్లీల నడిచినోనికి గిదొక లెక్కనా" అన్నాడు విమానంలో, ముందు సీటువాళ్లకు కూడా వినబడేలా.

దీవిలో వాళ్లకు దొరికిన ట్రైనరు పేరు డానియేలు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబం. ముందు స్నోర్కెలింగ్ అని చెప్పాడు, అంటే ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ కిందికి చూడటం. ధైర్యం చాలితే ఆ తర్వాత స్కూబా, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని లోపలికే దిగిపోవడం.

"గాలి నోటితోనే పీల్చాలండీ. ముక్కు సంగతి మర్చిపోండి. మాట్లాడాలని మాత్రం చూడకండి" అన్నాడు డానియేలు.

గుండయ్య పడవ దిగాడు. ముక్కును మర్చిపోగలిగాడు గాని నోటిని మర్చిపోలేకపోయాడు. తన ఫొటో తీస్తున్నారా లేదా అని అడగబోయేసరికి గొట్టం జారింది, సముద్రంలో కొంత భాగం ఆయన కడుపులోకి బదిలీ అయింది. ఇద్దరు కలిసి పడవలోకి లాగారు. దగ్గు తెరిపిచ్చాక ఆయన తీర్పు చెప్పాడు.

"ఈ నీళ్లు మంచియి గావు. ఉప్పెక్కువున్నది. పా, పోదాం."

రాజమణి కదల్లేదు. పడవ అంచు పట్టుకుని కిందికే చూస్తోంది. ఇసుక మీద పడవ నీడ కనబడుతోంది. ఆ నీడలోంచి ఓ ఎండ్రకాయ పక్కకు నడిచిపోతుంటే దాని కాళ్లు కూడా కనబడుతున్నాయి.

"తమ్మీ, ఈడ ఎంత లోతుంటది?"

"మూడు నిలువులు ఉంటుందమ్మా."

"మూడు నిలువులున్నా అడుగు కనబడ్తదా?"

"నీళ్లు తేటగా ఉన్నాయి కదండీ, ఎందుకు కనబడదు?"

"అయితే నేను దిగుత" అంది రాజమణి.

గుండయ్య దగ్గు టక్కున ఆగింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? బకెట్ల చెయ్యి వెట్టవు, సముద్రంల దిగుతవా?"

"నువ్వు కూసో. నీకు ఉప్పు వడ్తలేదు."

దిగడం అంత తేలిగ్గా కాలేదు. ముఖం నీళ్లలో పెట్టగానే ఆమె బెదిరి పైకి వచ్చేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ వచ్చేసింది. డానియేలు తొందరపెట్టలేదు. ఆమె గోళ్లు గుచ్చుకుంటున్నా చెయ్యి వదల్లేదు. చివరికి వీపున సిలిండరు కట్టుకుని, తన ఊపిరి చప్పుడు తనకే వినబడుతుంటే, ఆ చప్పుడునే నమ్ముకుని రాజమణి మెల్లగా కిందికి దిగింది.

కింద వెలుతురుంది. జరీ అంచుల్లాంటి చారల చేపలు ఆమెను పట్టించుకోకుండా తమ పని మీద తాము పోతున్నాయి. పగడపు రాళ్ల మధ్య ఓ గుంత ఉంది. దాని అంచూ, చుట్టూ ఉన్న గులకరాళ్లూ, లోపలి నుంచి తొంగి చూస్తున్న పాము లాంటి చేప తలా అన్నీ దూరం నుంచే కనబడుతున్నాయి. రాజమణి ఆ గుంత ముందు ఆగిపోయింది. ఎంతసేపటికీ కదలకపోతే డానియేలు ఆమె ముఖంలోకి చూశాడు. అద్దం లోపల కళ్లు నిండి ఉన్నాయి. వెంటనే పైకి తెచ్చాడు.

"ఏమైందమ్మా, ఊపిరాడలేదా?"

"ఊపిరి మంచిగనే ఆడింది బిడ్డా. గుంత కనబడ్డది." ఆమె ముఖం తుడుచుకుంది. "మా గల్లీల నడుం లోతే ఉంటయి నీళ్లు. గుంత ఏడున్నదో కాలు వెట్టేదాంక తెల్వది."

మ్యాన్‌హోల్‌లో పడ్డనాడు "జర చూస్కొని నడువొద్దా" అని భార్యనే కసిరినవాడు గుండయ్య. ఇప్పుడు పొడి తువ్వాలు తెచ్చి ఆమె భుజాల మీద కప్పాడు.

చూశారా మన గల్లీ శిక్షణ మహిమ? అండమాన్ నుంచి తిరిగొచ్చిన నెలలోనే మళ్లీ పెద్ద వాన కురిసి కాలనీ నిండింది. రాజమణి ఈసారి కొట్టులో ఉండిపోలేదు. తెల్లవారి కాలనీ మలుపులో ఓ మున్సిపల్ ఆఫీసు జీపు ఆగితే, నీళ్లలో నడిచి దాని దగ్గరికే పోయింది. లోపల ఓ ఇంజినీరు ఉన్నాడు.

"దిగుండ్రి సార్. మా ఇంటిదాంక నడుస్తే ఎట్లుంటదో మీకే ఎర్కైతది."

ఆయన తలుపు తీసి, ఒక కాలు బయటపెట్టి, నల్లటి నీళ్లకేసి చూశాడు. "మ్యాన్‌హోల్స్ ఎక్కడెక్కడున్నాయమ్మా?"

"అది మీరు చెప్పాలె సార్."

కాలు లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. పరిస్థితి అదుపులో ఉందని చెప్పి జీపు జాగ్రత్తగా వెనక్కి తిరిగింది.

రాజమణి ఇంటికి పోయి వెదురు కర్రలు తీసింది. గుండయ్య ముందు నడుస్తూ కర్రతో పొడిచి చూస్తుంటే, ఆమె అతని చొక్కా పట్టుకుని వెనక నడిచింది. మూత లేని గుంత తగిలిన ప్రతిచోటా ఓ కర్ర పాతి, కొట్టులో మిగిలిన ఎర్ర ఫాల్ ముక్క కట్టారు. గుండయ్య నడుముకు కట్టిన తాడు రెండో కొస మున్నీ పట్టుకుంది. మధ్యాహ్నానికల్లా పిల్లలు కర్రలను తప్పించుకుని నడవడం నేర్చుకున్నారు. సాయంత్రం అదే జీపు మళ్లీ మలుపు దాకా వచ్చి, ఎవరూ దిగకుండానే తిరిగి పోయింది.

రెండు రోజుల తర్వాత కాలనీ సంఘం ప్రెసిడెంటు శ్రీహరిరావు పేపరు తీసుకుని శాలిబండ కొట్టుకు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన పెద్దమనిషి. పేపర్లో ఎర్రగుడ్డ కర్రల ఫొటో పెద్దదిగా వేశారు. ముంపు ప్రాంతాల్లో అధికారులు స్వయంగా చేపట్టిన ముందు జాగ్రత్తలు అని కింద రాశారు.

రాజమణి మిషను ఆపి ఫొటో కేసి చాలాసేపు చూసింది.

"సార్లే చేసిన్రని రాసిన్రు గదా రావు సార్. మరి ఫొటోల ఒక్కలు గూడ కనబడ్తలేరేంది?"

"వాళ్లెలా కనబడతారమ్మా" అన్నాడు శ్రీహరిరావు. "ఫొటో తీసింది వాళ్లే. జీపులోంచి."