పల్లం వీధి ఎత్తు పెరిగిన వైనం

నగరంలోని పల్లం వీధి ఒక్క గంప మట్టి పోయకుండానే నాలుగు మీటర్లు పైకి లేచిందని పటాల శాఖ సవినయంగా ప్రకటించింది. ఈ ఘనకార్యంలో డైరెక్టరు గారి దూరదృష్టికీ, శాఖలోని ఒకే ఒక పెద్ద కంప్యూటరుకీ, దాని ముందు కూర్చునే ఆపరేటరమ్మకీ సమాన భాగముంది. ప్రకటనలో ఆపరేటరమ్మ ప్రస్తావన మాత్రం లేదు. అందుకు ఆవిడ సంతోషించింది కూడా.

పని మామూలుదే. విమానం నుంచి కొలిచిన ఎత్తులతో నగరం మొత్తానికీ ముంపు పటం గీయాలి. మీటరుకో గడి, గడికో ఎత్తు, ఎత్తును బట్టి రంగు. నీలం పడ్డ చోట వానలకు ముందే పంపులు పెడతారు, కాలవకు గోడ కడతారు. పల్లం వీధి నీలమవుతుందని ఆపరేటరమ్మకు కంప్యూటరు చెప్పనక్కర్లేదు. ఆ వీధి చివరింట్లో ఉండేది ఆవిడ సొంత అన్నయ్యే. నాలుగు చినుకులు పడితే చాలు, వదిన పరుపులు చుట్టి అటకెక్కిస్తుంది. గోడ వస్తే వాళ్లు గట్టెక్కుతారని ఆవిడ ఆశ.

కంప్యూటరు నూటికి తొంభై వంతులు గీసి, మెమరీ చాలదని చెప్పి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే ఆగింది. శాఖ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. తెర మీది పూలబొమ్మ బరువెక్కువని తీసేశారు. ఆ గదిలో ఎవరూ క్యాలిక్యులేటరు కూడా తెరవరాదని సర్క్యులరు వచ్చింది. మిగతా పదకొండు కంప్యూటర్లు ఆపేస్తే వాటి మెమరీ దీనికి మిగులుతుందని హెడ్ క్లర్కు సూచించగా, శాఖ యావత్తూ మూడు రోజులు నల్లని తెరల ముందు బుద్ధిగా కూర్చుంది. ఆ మూడు రోజుల్లో ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు కనక పనితీరు మెరుగుపడిందని నివేదిక రాసుకున్నారు.

నగరాన్ని నలభై ముక్కలు చేసి, ఒక్కో ముక్కా గీసి చివర్లో కలిపితే సరిపోతుందని ఆపరేటరమ్మ మొదటి రోజు నుంచీ మొత్తుకుంటూనే ఉంది. డైరెక్టరు గారు ఆ మాటకు నొచ్చుకుని సిబ్బందినందరినీ సమావేశపరిచారు.

"నగరం అఖండం. మన పెద్దలు కట్టిన నగరాన్ని ముక్కలు చేసే అధికారం మనకెవరిచ్చారు? గడి సైజు పెంచండి. మనసులు విశాలమైతే గడులెందుకు కావు?" అన్నారాయన. చప్పట్లు ఆగడానికి కాసేపు పట్టింది.

అలా మీటరు గడి కాస్తా అర కిలోమీటరు గడి అయింది. గడిలోని ఎత్తులన్నిటికీ సగటు కట్టి ఒకటే అంకె వేశారు. పల్లం వీధి పడ్డ గడిలోనే డైరెక్టరు గారి బంగళా ఉన్న గుట్ట కూడా పడింది. గుట్ట కొంత దిగింది, వీధి బోలెడంత లేచింది, పటం ఏడు సెకన్లలో వచ్చేసింది. వెతికినా నీలం లేదు. ముంపు లేని నగరమని బహుమతి కూడా ఇచ్చారు.

ఆపరేటరమ్మకు ఒళ్లు మండింది. వారం రోజులు భోజనం వేళ తలుపేసుకుని, నగరాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కటే గీసి కలిపింది. కంప్యూటరు కిక్కురుమనలేదు. పల్లం వీధి ముదురు నీలంగా తేలింది. దాన్ని సొంత పూచీ మీద కాలవ ఇంజనీరుకు పంపబోతుండగా, పల్లం వీధి వాసులు బృందంగా ఆఫీసుకు వచ్చారు. నిలదీయడానికే వచ్చి ఉంటారని, ఇక తను ఒంటరి కాదని ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

వాళ్లు డైరెక్టరు గారికి పూలగుత్తి ఇవ్వడానికి వచ్చారు. వీధి లేచాక ఇళ్ల ధరలూ లేచాయట. పటాన్ని దిద్దాలని ఎవరు చూసినా అడ్డుకోవాలంటూ అర్జీ కూడా తెచ్చారు. మొదటి సంతకం అన్నయ్యది.

ఆయన చెల్లెల్ని వరండాలోకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "నీ పటం తప్పని నేననట్లేదమ్మా. ఇరవయ్యేళ్లుగా నీళ్లు ఎత్తిపోస్తున్నవాణ్ణి, నాకు తెలీదా? ఇల్లు అమ్ముడయ్యేదాకా ఆగు. తర్వాత నీకిష్టమొచ్చిన రంగు వేసుకో."

"మరి కొన్నవాళ్ల సంగతేంటన్నయ్యా?"

"వాళ్లకీ ఇక్కడో చెల్లెలుంటే, వాళ్లూ వచ్చి అడుగుతారు."

ఆవిడకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే నీలం పటాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. నెల తిరక్కుండా అన్నయ్య ఇల్లు మంచి బేరానికి పోయింది, వెనకాలే వీధంతా పోయింది. కొన్నవారు చదువుకున్నవారు. పటం చూసుకుని, ముద్ర సరిచూసుకుని మరీ కొన్నారు. ఈ మధ్య మీరూ ఎక్కడైనా ఇల్లు కొని ఉంటే కంగారుపడకండి. వానలకింకా టైముంది. మీరు దాన్ని ఇంకొకరికి అమ్మేదాకా ఆ సొరుగు ఎవరూ తెరవరు.