చేతిలో పుస్తకం ఉన్నవాడే వియ్యంకుడు

ఆ ఆదివారానికి మిలోయ్కా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే బల్లగుడ్డ ఇస్త్రీ చేయాలి. గ్లాసులు వెలుగుకు పట్టి చూసి, చూసినవాటినే మళ్ళీ ఒకసారి తుడవాలి. మధ్యాహ్నానికి వియ్యాలవారు వస్తారు. ముందు ప్రషుత్ పళ్ళెం, అంటే ఆ ఇంటి అటక మీద కార్స్ట్ అనే ఆ రాతినేల గాలికి ఏడాదికి పైగా ఆరిన పందితొడ మాంసం. తర్వాత సూపు, వేపుడు, చివర అక్రోట్లు పెట్టి చుట్టిన తీపి రొట్టె. అందరి కడుపులూ నిండి, వైన్ కొంచెం తలకెక్కాక, అప్పుడు పెళ్ళి మాట.

కూతురు యాస్నా పెళ్ళి తమ రాతి వాకిట్లో, మల్బరీ చెట్టు కిందే జరగాలని మిలోయ్కా పట్టు. కాదు, తమ ఊళ్ళోనే జరగాలని పెళ్ళికొడుకు తల్లి గిజెలా పట్టు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే మూడు నెలలుగా పిల్లల ద్వారా కబుర్లు పంపుకుంటున్నారు. విసుగెత్తిన యాస్నా ఫోనులో తేల్చి చెప్పింది.

"మీరు అమ్మలిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోండి. ఆదివారం తేలకపోతే మేం రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలు పెట్టేసి సముద్రానికి పోతాం. విందూ లేదు, వాకిలీ లేదు."

వియ్యాలవారిది ప్రెక్‌ముర్యే, దేశానికి ఆ చివర. స్లొవేనియాలో ఆ చివర నుంచి ఈ చివరకు రావడమంటే అక్కడ కాఫీ తాగి బయల్దేరితే ఇక్కడ భోజనానికి అందుకోవచ్చు. అయినా మిలోయ్కావాళ్ళ ఊరు కామెన్ దోల్‌లో జనానికి ప్రెక్‌ముర్యే అంటే చంద్రమండలం. అక్కడివాళ్ళు మాట్లాడేది తమ భాషేనని బడిలో చెప్పారు కాబట్టి నమ్మడమే తప్ప, విని అర్థం చేసుకున్నవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు.

పెళ్ళికొడుకు తదేయ్ ముందే హెచ్చరించాడు. "అత్తా, మా నాన్న కారులో రానంటున్నాడు. గైడు పుస్తకం కొన్నాడు. రైలు, బస్సు, ఆపైన కాలినడక. ఫోను కూడా కట్టేస్తాడట. చేతిలో పుస్తకం పట్టుకుని నడిచొచ్చే పెద్దాయన, పక్కన ఒక ఆవిడ కనిపిస్తే వాళ్ళే అనుకోండి. మేం వెనకాల కారులో వస్తాం."

"సొంత దేశంలో తిరగడానికి గైడు పుస్తకమా!" అంది మిలోయ్కా ఫోను పెట్టేశాక. "పెరట్లోకి వెళ్ళడానికి మ్యాపు కొనుక్కున్నట్టుంది."

"ఏ పుస్తకంలోనూ మన ఇంటి నంబరు ఉండదుగా," అన్నాడు భర్త స్తోయాన్. "అన్నీ రాతి ఇళ్ళే, అన్నీ ఒకలాంటి గేట్లే. పోల్చుకునేదెలా పాపం?"

"ఏదో ఒక గుర్తు పెట్టు. నాకు పనుంది."

గుర్తు పెట్టమంటే కార్స్ట్ మనిషి చెయ్యి ఎటు పోతుందో తెలిసిందే. స్తోయాన్ గోడ మీది ఐవీ తీగ బారెడు కోసి, కట్ట కట్టి, గేటుకు వేలాడదీశాడు. అది సరిపోదేమోనని నాలుగు దారుల కూడలిలో ఒక కర్రకు ఇంకో కట్ట కట్టి, కింద బాణం గుర్తు కూడా పెట్టి వచ్చాడు. అక్కడ ఐవీ కట్ట వేలాడితే ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఓస్మిత్సా నడుస్తోందని, అంటే ఎనిమిది రోజులపాటు సొంత వైనూ సొంత ప్రషుత్తూ వచ్చినవాళ్ళందరికీ అమ్ముతారని. ఈ ఎనిమిది రోజుల వంతు వీధి చివరి రాడోది. ఆ సంగతి ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు కాబట్టి తన ఇంటికి ఎవరూ పొరపాటున రారని స్తోయాన్ ధీమా. ఊరివాళ్ళ విషయంలో ఆ ధీమా సరైనదే.

చర్చి గంటలు మోగి ఆగాయో లేదో, గేటు దగ్గర ఒక జంట నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి. వీపున సంచులు. ఆయన చేతిలో పుస్తకం. ఆవిడ తల మీద ఎర్ర టోపీ. ఆయన తీగను చూశాడు, పుస్తకం చూశాడు, మళ్ళీ తీగను చూసి తృప్తిగా తలూపాడు.

మిలోయ్కా ఏప్రన్ విప్పి కుర్చీ మీద పడేసి పరుగెత్తింది. "రండి, రండి! అన్నయ్యగారూ, వదినగారూ!" అంటూ ఇద్దరి బుగ్గల మీదా ముద్దులు పెట్టింది.

హాలండు నుంచి వచ్చిన హెంక్, అతని భార్య యోకె ఒక క్షణం బిగుసుకుపోయారు. తర్వాత హెంక్ పుస్తకం చివరి పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివాడు. "శుభ దినము. మేము... ఇద్దరము. ఆకలి... ఉన్నది."

"ఆహా, ఇదన్నమాట ప్రెక్‌ముర్యే మాట," అనుకుంది మిలోయ్కా. తను భయపడినంత కష్టంగా లేదు. ఒక్కొక్క మాటే ఆగి ఆగి అంటారు, అంతే.

గుమ్మం దగ్గర హెంక్ వంగి బూట్లు విప్పాడు. చెప్పకుండానే! పక్కన వరసగా పెట్టిన ఇంటి చెప్పుల్లోంచి తన కొలతవి ఎంచుకుని తొడుక్కున్నాడు. మిలోయ్కా మనసు సగం అక్కడే కరిగింది. ప్రషుత్ పళ్ళెం ముందు పెట్టగానే అతను ఫోర్కు పక్కనపెట్టి, ముక్కను వేళ్ళతో ఎత్తి, వెలుగుకు పట్టి చూశాడు. "పలుచన. గాలి మంచిది," అన్నాడు. మిగిలిన సగం కూడా కరిగింది. ఇన్నేళ్ళుగా తను పొరల్లా కోసి పెడుతుంటే, స్తోయాన్ ఒక్కనాడు వెలుగుకు పట్టి చూసిన పాపాన పోలేదు.

ఇంత మంచి మనుషుల దగ్గర దాపరికం ఎందుకని ఆమె యాస్నా చిన్నప్పటి ఫొటోలు తెచ్చి చూపించింది. పిల్ల పడుకునే గదీ చూపించింది. హెంక్ దంపతులు అన్నిటికీ చేతులు గుండె మీద పెట్టుకుని మెచ్చుకున్నారు. కార్స్ట్ జనం ఆప్యాయంగా ఉంటారని పుస్తకంలో ఉంది కానీ, ఇంత ఉంటుందని లేదు.

ఇదే అదను అనుకుంది మిలోయ్కా. యోకె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "వదినగారూ, మనసులో మాట చెప్తున్నా. పెళ్ళి ఇక్కడే, ఈ చెట్టు కిందే పెట్టుకుందామా?"

యోకె భర్త చేతిలోని పుస్తకం మీదికి వంగి, వేలితో వెతికి, నవ్వుతూ చదివింది. "అవును. దయచేసి."

మూడు నెలల యుద్ధం సూపు కూడా పొయ్యి దిగకముందే ముగిసింది! మిలోయ్కా కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి పెద్ద ముక్క కోసింది.

తిరిగొచ్చేసరికి వాకిట్లో నలుగురు సైకిళ్ళవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ వెనకే పిల్లలతో ఒక ఆస్ట్రియా కుటుంబం. అందరి చేతుల్లోనూ అదే పుస్తకం.

"చుట్టాల్ని కూడా తెచ్చారు!" అని మిలోయ్కా నేలమాళిగ మెట్ల మీదినుంచి భర్తకు కేకేసింది. "ఒక్క మాట ముందు చెప్పొద్దూ? సరేలే, మనవాళ్ళే కదా. వైన్ కూజా పెద్దది తీసుకురా!"

స్తోయాన్ కూజాతో పైకి వచ్చి వాకిలి చూశాడు. సైకిళ్ళు చూశాడు. గేటు మీది తీగ చూశాడు. అతనికి సంగతంతా అర్థమైంది. భార్య మొహంలో వెలుగు చూశాక చెప్పే ధైర్యం చాలలేదు. గ్లాసులు నింపడం మొదలుపెట్టాడు.

ఆ ధైర్యం రాడోకు ఉంది. వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చాడు. "స్తోయాన్! సిగ్గుందా నీకు? నా ఎనిమిది రోజుల్లో నీ గేటుకు తీగా? మీ తాత కూడా ఇంత పని చేయలేదు!"

"తీగేంటి?" అంది మిలోయ్కా. గేటు దాకా నడిచి వెళ్ళింది. చూసింది. వెనక్కి తిరిగి భర్తను కూడా చూసింది.

"గుర్తు పెట్టమన్నావుగా," అన్నాడు స్తోయాన్ కూజా వెనక నుంచి.

ఇంకొకరైతే తీగ పీకి, వచ్చినవాళ్ళకు దండం పెట్టి పంపేసేవారు. కానీ తీగ చూసి లోపలికి వచ్చి కూర్చున్న మనిషిని లెమ్మనడం ఆ ఊళ్ళో పుట్టిన ఏ ఇల్లాలి వల్లా కాదు. పైగా బల్ల దగ్గర వియ్యాలవారు ఉన్నారు. వాళ్ళు చూస్తుండగా జనాన్ని తరిమితే పరువేం మిగులుతుంది?

"రాడో, అరవకు. నీ జనం నా దగ్గరున్నారు, నీ ప్రషుత్ నీ దగ్గరుంది. పట్టుకురా. వైనూ తీసుకురా. అమ్మకం నీది, వాకిలి నాది."

రాడో వచ్చిన దారినే ప్రషుత్ తేవడానికి పోయాడు.

వంటింట్లో కడగాల్సిన గ్లాసులు గుట్టపడ్డాయి. గుమ్మంలో నీలం కోటు వేసుకున్న ఒక ఆవిడ నిలబడి ఉంది. "బయట కూర్చున్నామండీ, ఎంతకీ ఎవరూ రాలేదు. చూస్తే మీరొక్కరే ఉన్నారు. ఈ గ్లాసులు కడిగిపెట్టనా?" బడిపంతులమ్మలా స్పష్టమైన మాట. రాజధాని మనిషై ఉంటుందనుకుని మిలోయ్కా ఏప్రన్ అందించింది.

ఆవిడ గ్లాసు కడిగి, తుడిచి, వెలుగుకు పట్టి చూసి, మళ్ళీ ఒకసారి తుడిచింది. మిలోయ్కా రొట్టె కోయడం ఆపి చూస్తుండిపోయింది. అలాంటి చెయ్యి పక్కన పడ్డాక ఆడమనిషికి మనసు విప్పకుండా ఉండడం కష్టం.

"ఎవరో ఏమో, మీరు వచ్చి చెయ్యి వేశారు," అంది. "మా వియ్యపురాలున్నారు చూడండి, ప్రెక్‌ముర్యే ఆవిడ, వచ్చిన దగ్గర్నుంచి కుర్చీ దిగలేదు. రొట్టె ముట్టకుండా ఉత్త ప్రషుత్తే నాలుగు పళ్ళేలు లాగించింది."

ఆవిడ చేతిలో గ్లాసు ఆగింది. మెల్లగా కిటికీ దగ్గరకు వెళ్ళి వాకిట్లోకి తొంగి చూసింది. "ఆ ఎర్ర టోపీ ఆవిడేనా?"

"ఆవిడే. మొండిఘటం అని మా అమ్మాయి భయపెట్టింది. బల్ల మీద చుక్క మరక పడినా ఆవిడకు నిద్ర పట్టదట."

"అలాగా. మీకు పడుతుందా?"

"నాకెలా పడుతుంది?" అంది మిలోయ్కా. "కానీ మనిషి మంచిదేలెండి. పెళ్ళి ఇక్కడే అంటే ఒక్క మాటలో ఒప్పేసుకుంది."

"ఒప్పుకుందా!"

"దయచేసి అని కూడా అంది."

ఆవిడ ఏదో మింగినట్టు మొహం పెట్టి, ఇంకో గ్లాసు అందుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ కడుగుతూ, కోస్తూ, ఉప్పు ఎక్కడ, చిన్న చాకు ఎక్కడ అనుకుంటూ, ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో మెలిగినవాళ్ళలా పనిచేశారు. వాకిట్లో ఆవిడ భర్త ఒక లావుపాటి పుస్తకం తెరిచి, గేటుకు ఐవీ ఎందుకు కడతారో స్తోయాన్‌కు పేరా పేరా వివరిస్తున్నాడు. స్తోయాన్ బుద్ధిగా వింటున్నాడు.

అప్పుడు కారు ఆగింది. యాస్నా జనాన్ని తోసుకుంటూ వంటింట్లోకి వచ్చి, గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"అమ్మా! మా అత్తగారిచేత అంట్లు తోమిస్తున్నావా?"

మిలోయ్కా చేతిలోని చాకు బల్ల మీద పడింది. "మరి... బయట కుర్చీలో ఉన్నదెవరే?"

"నాకేం తెలుసు! ఆ టోపీ ఆవిడా? ఎవరో ఊళ్ళు చూడ్డానికి వచ్చినావిడ!"

మిలోయ్కా గిజెలా వైపు తిరిగింది. మొహం చెవుల దాకా ఎర్రబడింది. "మీకు... మీకు ఎప్పుడు తెలిసింది?"

"మీరు నా గురించి చెప్తున్నప్పుడు," అంది గిజెలా చేతులు తుడుచుకుంటూ. "నేనెలా ఉన్నానో చూద్దామని కిటికీలోంచి తొంగి చూశాను. టోపీ బాగుంది."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? ఇంకా ఏమంటారో వినాలిగా. అసలు మేం త్వరగా వచ్చేశాం, ఆకలితో వియ్యాలవారింటికి వెళ్తే బావుండదని మా ఆయన పుస్తకం చూసి ఇక్కడ ఆపాడు. తీగ కనిపిస్తే ఎవరినీ అడగక్కర్లేదు, లోపలికి వెళ్ళి కూర్చోండి అని ఉందట."

మిలోయ్కా బయటికి వెళ్ళి వియ్యంకుడు ష్టెఫాన్ చేతిలోంచి ఆ పుస్తకం తీసుకుని, నిలబడే రెండు పేజీలు చదివింది. తప్పు పట్టుకుందామనే తీసుకుంది. ప్రషుత్ ఎంత పలుచగా కోయాలో ఉంది. బూట్లు ఎక్కడ విప్పాలో ఉంది. గాలి ఏ దిక్కు నుంచి వీస్తే అటక కిటికీ ఏది తెరవాలో కూడా ఉంది. ఎక్కడా ఒక్క మాట తేడా లేదు. ఎవరో పరాయివాడు ఆ ఊరి ఇళ్ళన్నీ తిరిగి, చూసిందాన్ని చూసినట్టు, ఇంత పద్ధతిగా రాసి పెట్టాడు. ఆమె పుస్తకం మూసి, అట్ట మీది నూనె మరకను చేతిగుడ్డతో తుడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

తర్వాత లోపలికి వచ్చి గిజెలా పక్కన కూలబడింది. "వదినగారూ, ఓడిపోయాను. పెళ్ళి మీ ఊళ్ళోనే పెట్టండి. అటక మీద ముక్క లేదు, నా ఒంట్లో ఓపిక లేదు."

"కుదరదు," అంది గిజెలా.

"అదేంటి, మూడు నెలలుగా అదే కదా మీ పట్టు!"

"అది నేను వంటింట్లోకి రాకముందు. ఇప్పుడు మాట ఇచ్చేశాను కదా. దయచేసి అని కూడా అన్నాను."

యాస్నా తన వెనకే వచ్చి నిలబడ్డ తదేయ్ వైపు చూసింది. ఇక సముద్రానికి పోయే పని లేదని తదేయ్ కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. మల్బరీ చెట్టు కింద, ఆ సంబంధాన్ని ఒక్క మాటతో ఒడ్డున పడేసిన యోకె ఏమీ ఎరగకుండా, తీపి రొట్టె ఇంకా మిగిలిందా అని అడగడానికి పుస్తకంలో మాట వెతుక్కుంటోంది.