జడ్జిగారి బలం బిళ్ళలు

"మా వంశంలో రోగమన్న మాటే లేదు! వయసు మీదపడి పోయినవాళ్ళే గాని, జబ్బు చేసి పోయినవాళ్ళు ఒక్కరూ లేరు! కాబట్టి ఈ సంబంధం కుదరదు!"

జడ్జిగారు ముందుగదిలో నిటారుగా కూర్చుని తీర్పు చెప్పేశారు. రిటైరయ్యాక పాపం, తీర్పులకి ఇల్లే దిక్కు! ఎదురుగా కొడుకు, అతను చేసుకుంటానన్న డ్రాయింగు టీచరు. ఆ అమ్మాయి చేసిన నేరం ఒక్కటే. తనకి హెపటైటిస్ బి ఉందని పెళ్ళికి ముందే చెప్పేసింది.

"ఇలాంటివి ఎవరైనా బయటికి చెప్పుకుంటారా?" అంటూ జడ్జిగారి బావమరిది, బ్యాంకు మేనేజరు, ముక్కున వేలేసుకున్నాడు.

జడ్జిగారికి ఆశ్చర్యం కన్నా ఒళ్ళుమంటే ఎక్కువగా ఉంది. ఆయన జేబులో బలం బిళ్ళల సీసా ఉంది మరి. అందులో ఉన్నవి బలం బిళ్ళలు కావని కట్టుకున్న భార్యకి కూడా తెలీదు.

"మందు మొదలుపెట్టాలన్నారండీ," అంది అమ్మాయి నెమ్మదిగా. "ఎంటెకావిరా, టెనోఫోవిరా అన్నది డాక్టరుగారు ఇంకా తేల్చలేదు."

"ఎంటెకావిరే!" జడ్జిగారి నోరు ఊరుకోలేదు. "కిడ్నీలకి బెంగ ఉండదు."

"భలేవారే బావగారూ! దానికి రోజూ కడుపు మాడ్చుకోవాలి. టెనోఫోవిరైతే హాయిగా అన్నం తిని వేసుకోవచ్చు!"

"ఎముకలు గుల్లవుతాయోయ్!"

"నావి ఇనుములా ఉన్నాయి! కావలిస్తే పట్టుకు చూడండి!" అంటూ మేనేజరు మోచెయ్యి చాపాడు.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పటికి గాని ఇద్దరికీ తామేం మాట్లాడారో తెలిసిరాలేదు.  జడ్జిగారు బోను ఎలా ఉంటుందో దూరం నుంచి చూడడమే గాని, ఎక్కి ఎరగరు.

"అబ్బే, ఏదో... పేపర్లో చదివాం," అన్నారు గొంతు సవరించుకుని.

టీ కప్పులతో గుమ్మంలో నిలబడిపోయిన భార్య అడిగింది. "పొద్దున్నే పరగడుపున మింగుతారే, ఆ బలం బిళ్ళ పేరేంటండీ?"

జడ్జిగారు జేబుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ అమ్మాయి చప్పున లేచి, ఆవిడ చేతిలోని ట్రే అందుకుంది.

"కంగారు పడకండి అత్తయ్యగారూ. ఇది టీ కప్పుల వల్ల అంటుకోదు. మీ అబ్బాయి టీకా వేయించుకున్నాకే పెళ్ళన్నాను. మీక్కూడా మావయ్యగారు ఎప్పుడో వేయించే ఉంటారుగా?"

భార్య భర్తకేసి తిరిగింది.

"ఏ టీకా అండీ?"

ఎన్నో కేసులు వాయిదా వేసిన జడ్జిగారికి, ఈ ఒక్కదానికి మాత్రం తేదీ దొరకలేదు.