జోజప్పగారి పదో వేలు

“పునీతులైన వారికి ఉభయ హస్తములకు కలిపి పది వ్రేళ్లు నిండుగా ఉండవలెను!”

ఇది చర్చి కమిటీ తీర్మానం. మినిట్స్ పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు గీసి, పదకొండు మందీ సంతకాలు పెట్టారు. లోకంలో ఇన్ని చర్చిలున్నాయి, ఇన్ని శతాబ్దాలు గడిచాయి, ఇంత ముఖ్యమైన సంగతి మీద ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు! ఆ లోటు తీర్చిన ఘనత ఈ కమిటీకే దక్కింది. ఘనత కమిటీది గాని, వేలు మాత్రం వడ్రంగి మేస్త్రీది.

మేస్త్రీ ఎడమ చూపుడు వేలు సగమే ఉంటుంది. మిగతా సగాన్ని పన్నెండేళ్ల కిందట కోత మిషను తీసుకుంది. ఉన్న తొమ్మిదిన్నర వేళ్లతోనే చర్చిలో బెంచీలన్నీ బాగుచేసేవాడు. పని అయ్యాక చేతులు కట్టుకుని ప్రతిసారీ ఒకటే మాట అడిగేవాడు.

“అయ్యా, మా అమ్మకి చెవులు సరిగా వినబడవు. కళ్లు కూడా మసక. ముందు బెంచీలో ఓ చివర కాస్త చోటిస్తే ప్రసంగం వింటుంది.”

ముందు బెంచీకి ఇత్తడి రేకు బిగించి ఉంది. దాని మీద ఓ పెద్ద కుటుంబం పేరుంది. ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లి తొమ్మిదేళ్లయింది.

“అది ఖాళీయే కదండీ,” అన్నాడు మేస్త్రీ.

“ఖాళీ అని ఎవరన్నారయ్యా?” అన్నాడు కమిటీ అధ్యక్షుడైన రిటైర్డు హెడ్మాస్టరు. “అందులో మనుషులు లేరు, అంతే!”

కాబట్టి మేస్త్రీ తల్లి వెనక తలుపు దగ్గరే, మరో నలుగురు ముసలమ్మల పక్కన కూచునేది. అందరూ లేస్తే లేచేది. అందరూ ఆమెన్ అన్నాక, పెదాల కదలిక పోల్చుకుని, ఒక్క క్షణం ఆలస్యంగా తనూ ఆమెన్ అనేది.

అలా ఉండగా, వెల్ల వేసేవాళ్ల నిచ్చెన తగిలి పాత జోజప్పగారి ముక్కు పోయింది. మరియమ్మ భర్త, బాల యేసును పెంచిన పునీత జోజప్పగారు అక్కడ ప్లాస్టరు బొమ్మగా వెలసి ఉండేవారు. గులాబీ బుగ్గలు, దువ్విన గడ్డం, నలగని అంగీ, చేతిలో లిల్లీ పువ్వు. ఆయన వడ్రంగి అని గ్రంథంలో ఉంది కాబట్టి నమ్మాలి గాని, ఆ చేతులు చూస్తే మేస్త్రీకి చిన్నప్పటినుంచీ అనుమానమే.

ఈసారి కొత్త తరహాలో చేయిద్దామని పట్టుబట్టింది కమిటీ కార్యదర్శి, కాలేజీ లెక్చరరు. శ్రమ గొప్పతనం గురించి అతను గంటసేపు కళ్లు చెమర్చేలా మాట్లాడగలడు. ఇంట్లో క్యాలెండరుకి మేకు కొట్టాలంటే మేస్త్రీకి కబురు పెడతాడు.

శిల్పాలు చేసే అమ్మాయి వచ్చి, నమూనా కోసం చర్చంతా చూసింది. ఏదీ నచ్చలేదు. వెళ్లిపోతూ, బెంచీ కాలు బిగిస్తున్న మేస్త్రీని చూసి ఆగింది.

“అన్నా, ఆ చేతులు కాసేపు అలాగే ఉంచుతావా?”

మూడు రోజులు అలాగే ఉంచాడు.

మూడు నెలలకు కొత్త జోజప్పగారు వచ్చారు. నిలువెత్తు టేకు విగ్రహం. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కుడిచేత్తో చిత్రిక పట్టే తోపడ పట్టుకుని, ఎడమ చెయ్యి చెక్క మీద ఆనించి నిలబడ్డారు. ఎడమ చూపుడు వేలు సగమే!

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది.

“ఏమిటండీ ఈ ఘోరం?” హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచాడు. “జోజప్పగారంటే చేతిలో పువ్వుండాలి, తల వెనక వెలుగుండాలి! ఈయన పని మధ్యలో పిలిస్తే చేతులు దులుపుకుని వచ్చినట్టున్నాడు!”

“అదే కదా గొప్పతనం!” అన్నాడు లెక్చరరు.

“వేలు సగమే ఉంటే గొప్పతనమా?”

“అది వేలు కాదండీ. శ్రమ వేదాంతం!”

“అయితే సగం వేదాంతమన్నమాట!”

“ఆధునిక కళ మీకు అర్థం కాదు.”

“అర్థమైతే ఆధునికం ఎందుకవుతుందిలే! బాల యేసును ఎత్తుకున్న చెయ్యయ్యా అది!”

కిటికీ గడియ బిగిస్తున్న మేస్త్రీ ఉండబట్టలేకపోయాడు. “ఈ సగం వేలుతోనే మా పిల్లలిద్దర్నీ ఎత్తుకుని పెంచానండీ.”

హెడ్మాస్టరూ, లెక్చరరూ ఒక్కసారే తిరిగారు. “పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేంటి?”

ఆ సాయంత్రం ఇద్దరూ ఏకీభవించిన మాట అదొక్కటే.

ఓటింగు జరిగింది. అయిదుకి ఆరు ఓట్లతో సంప్రదాయం గెలిచి, ఆ పది వేళ్ల తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది. మిగతా సగం వేలు చేయించి తగిలించాలి. ఎవరు చేస్తారు? చెక్కపని తెలిసిన మనిషి ఇంకెవరున్నారు!

అలా మేస్త్రీ తన పోయిన వేలు తనే చెక్కుకోవడానికి కూచున్నాడు. అది ఎలా ఉండేదో గుర్తురాక, కుడిచేతి వేలు చూసి చెక్కాడు.

హెడ్మాస్టరు వచ్చి, “ప్రళయం వచ్చినా ఊడకూడదు!” అని హెచ్చరించి వెళ్లాడు. కాసేపటికి లెక్చరరు పెరటివైపు నుంచి వచ్చి, “మేస్త్రీ, నీకూ నాకూ మధ్య మాట. జిగురు మాత్రం పెట్టకు,” అని భుజం తట్టి వెళ్లాడు.

ఎవరి మాటా తీసెయ్యలేని మనిషి మేస్త్రీ. విగ్రహం మొండి వేలికి సన్నటి కన్నం తొలిచి, కొత్త ముక్కకు చెక్క మేకు అమర్చాడు. నొక్కితే రాయిలా కూచుంటుంది. తిప్పి లాగితే చేతికి వస్తుంది.

వస్తుందని తెలియగానే మళ్లీ గొడవ! వేలు ఉంటే తొమ్మిది గంటల పూజకు రామని లెక్చరరు వర్గం. లేకపోతే ఆరు గంటల పూజకు రామని హెడ్మాస్టరు వర్గం. ఫాదర్‌గారు బక్కపల్చని మనిషి, పైగా బీపీ ఉంది.

“నాయనలారా, ఆరింటికి పెడదాం, తొమ్మిదింటికి తీద్దాం,” అన్నారు. “ఈ వ్యవహారంలో అందరూ వేళ్లు పెట్టినవాళ్లే. ఇంకోటి పెట్టి తీస్తే ఏం పోయింది?”

మరి పెట్టి తీసేదెవరు? హెడ్మాస్టరు పెట్టగలడు గాని తియ్యడం పాపం. లెక్చరరు తియ్యగలడు గాని పెట్టడం సిద్ధాంత విరుద్ధం. ఫాదర్‌గారికి రెండు పూజల మధ్య టీ తాగే తీరికే లేదు. అందరూ మేస్త్రీ వైపు చూశారు.

“ఆదివారం నాకు ఇళ్లల్లో పనులుంటాయండీ,” అన్నాడు మేస్త్రీ మెల్లగా. “మా అమ్మయితే రెండు పూజలకీ ఉంటుంది. కాకపోతే తలుపు దగ్గర్నుంచి ఆవిడ నడిచొచ్చేసరికి పూజ సగం అయిపోతుంది.”

చివరికి కమిటీ ఏకగ్రీవంగా ఇంకో తీర్మానం రాసింది. “పునీతుల వారి వ్రేలి భద్రత దృష్ట్యా మొదటి బెంచీ కుడి చివరి స్థలమును సదరు వ్రేలికి కేటాయించడమైనది. వ్రేలిని పట్టుకొనియున్న వ్యక్తి అందు కూర్చొనుటకు అభ్యంతరము లేదు.”

తొమ్మిదేళ్ల తర్వాత ఆ బెంచీలో ఒక మనిషి కూచుంది. వేలు ఆమె కళ్లజోడు డబ్బాలో కూచుంది.

“ప్రసంగం వినబడుతోందా అమ్మా?” అని మొదటి వారమే అడిగాడు మేస్త్రీ.

“చక్కగా వినబడుతోందిరా,” అంది తల్లి. “ఇన్నేళ్లూ మరీ పోగొట్టుకున్నదేమీ లేదులే.”

ఆరు నెలలు గడిచాయి. ఓ ఆదివారం పనిలేక మేస్త్రీ ఆరు గంటల పూజకు వెళ్లాడు. పూజ అయ్యాక హెడ్మాస్టరు తన వియ్యంకుణ్ణి విగ్రహం ముందుకు తీసుకొచ్చాడు.

“చూశారా బావగారూ ఆ నిండుదనం! ఆ చూపుడు వేలి కొసన దైవత్వం ఎలా ఉట్టిపడుతోందో! సంప్రదాయమంటే ఇదీ!”

వియ్యంకుడు దణ్ణం పెట్టాడు. మేస్త్రీ తొంగి చూశాడు. వేలు సగమే ఉంది!

మతిపోయి తొమ్మిది గంటల పూజకూ ఉండిపోయాడు. అది అయ్యాక లెక్చరరు విద్యార్థులను వెంటేసుకొచ్చాడు.

“ఆ లేని వేలును చూడండి! ఆ శూన్యం మనతో మాట్లాడుతోంది!”

శూన్యం ఉండాల్సిన చోట టేకు వేలు నున్నగా మెరుస్తోంది. విద్యార్థులు శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు.

అందరూ వెళ్లాక మేస్త్రీ తల్లి చెవి దగ్గర వంగాడు. “అమ్మా, తలకిందులు చేస్తున్నావే! ఆరింటికి కదా పెట్టాల్సింది!”

“ఆ మాత్రం తెలుసులే. మొదటి వారం కళ్లు కనబడక పొరపాటైంది. అరుస్తారేమోనని చూశాను. ఒక్కరూ అరవలేదు. రెండో వారం సరిగ్గా పెట్టాను. అప్పుడూ ఎవరూ చూళ్లేదు.” ఆమె లేచి, విగ్రహం వేలిని తిప్పి లాగింది. “పొద్దున్నే చలిలో వచ్చి ఈ చెయ్యి పట్టుకుంటే నీ చెయ్యిలాగే ఉంటుందిరా. దానికి వేలెందుకు? అందుకే తొమ్మిదింటికి పెడుతున్నా.”

మేస్త్రీ తన సగం వేలిని ఓసారి చూసుకున్నాడు.

“ఎవరూ చూడనిదానికి ఈ అవస్థ ఎందుకమ్మా? ఫాదర్‌గారితో ఉన్న సంగతి చెప్పేద్దాం.”

తల్లి డబ్బా టప్పున మూసింది. “నోరు ముయ్యి! గొడవ తీరిపోతే బెంచీ లాక్కుంటారు!”

నాలుగడుగులు వేసి ఆగింది. ఇదివరకు వెనక తలుపు దగ్గర తనతో కూచున్న నలుగురు ముసలమ్మలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగుతున్నారు.

“ఒరేయ్, ఆ విగ్రహానికి ఇంకా తొమ్మిది వేళ్లున్నాయి కదూ,” అంది. “వాటిలో నాలుగింటి మీద ఎవరికైనా అనుమానం పుట్టించలేవూ?”