అరంగుళం చీటీ

ఆ దర్జీని అందరూ అరంగుళం అనే పిలుస్తారు. అతను కుట్టిన బట్టకు ఎక్కడో ఒకచోట అరంగుళం తేడా రావలసిందే. మనిషి బంగారం. బుర్రే ఊరుకోదు, ఎప్పుడూ ఏదో ఒక పథకం కుడుతూ ఉంటుంది. ఆ కుట్టూ నిలవదు.

"నానమ్మ చెప్పిందే చెబుతుంది నాన్నా, తలనొప్పి," అని కూతురు ఫోనులోంచి తల ఎత్తకుండా అన్నప్పుడు అతనికి చివుక్కుమంది. గుమ్మం పక్కన గుండీలు కుడుతున్న ముసలమ్మ వినలేదనుకున్నాడు. వింది. చేతిలో సూది మాత్రం ఆగలేదు.

"పెద్దవాళ్ళ విలువేమిటో దీనికి నేర్పిస్తాను చూడు," అన్నాడు పెళ్ళాంతో.

"మీరు నేర్పించడం మొదలుపెడితే నా పని రెండింతలవుతుంది," అందామె.

ఆ రాత్రే అతను కొలతల పుస్తకాన్ని పీలికల సంచిలో దాచాడు. బ్యాంకు మేనేజరు కోటు కొలతలు చీటీ మీద రాసి తల్లి చేతిలో పెట్టాడు. "అమ్మా, పుస్తకం పోయిందని నేను గోల పెడతాను. నువ్వు ఇది చూసి గడగడా చెప్పెయ్. పిల్ల నోరు తెరవాలి."

"సరే నాయనా," అని ఆవిడ చీటీ బొడ్లో దోపుకుంది.

మర్నాడు భోజనాలయ్యాక అతను గోల మొదలుపెట్టాడు. ముసలమ్మ గుండీలు కుడుతూనే ఉంది. కాసేపటికి సంచి కోసం చూస్తే సంచే లేదు.

"పొద్దున పరుపులవాడికి ఇచ్చేశాను," అంది పెళ్ళాం. "పీలికల సంచిలో పీలికలే ఉంటాయనుకున్నాను. తప్పా?"

పరుగున వెళ్ళి, ఉత్త చేతులతో వచ్చాడు. పరుపులు కుట్టడం, అమ్మడం కూడా అయిపోయాయి. నలభై మంది నడుములు, భుజాలు ఎవరి వీపు కిందికో చేరిపోయాయి. మేనేజరుకు రేపే పదవీ విరమణ సభ. బల్ల మీద కోటు గుడ్డ కత్తెర కోసం చూస్తోంది. ఈసారి గోల నిజమైనది; ఆ కంగారులో తను రాసిన చీటీ కూడా గుర్తు రాలేదు.

ముసలమ్మ సూది కిందపెట్టింది. "ఛాతీ నలభై. భుజం పదిహేడున్నర. ఎడమది కాస్త జారింది, లోపల రెండు పొరలు వెయ్యి."

అక్కడితో ఆగలేదు. పోస్టుమాను కుడి చెయ్యి, బడి పంతులమ్మ మెడ, కవల పిల్లల్లో ఎవరు పావంగుళం లావు, నలభై మందినీ వరసగా చెప్పేసింది. మనవరాలు ఫోను పక్కన పడేసి, సుద్దముక్క అందుకుని, బల్లంతా, గోడంతా రాసింది. నోరు తెరిచిన సంగతి తనకే తెలియదు.

రాత్రి పొద్దుపోయేసరికి కోటు మేనేజరుకు పోతపోసినట్టు కూర్చుంది.

అరంగుళానికి ప్రాణం లేచి వచ్చింది. "చూశావామ్మా మీ నానమ్మని?" అని మీసం దువ్వాడు.

ముసలమ్మ బొడ్లోంచి చీటీ తీసి మనవరాలికి ఇచ్చింది. మడత కూడా విప్పలేదు. "ఇందులో ఏం రాశాడో చదివి పెట్టు తల్లీ."

"భుజం... పదిహేడు."

"మళ్ళీ అరంగుళం," అని ఆవిడ నిట్టూర్చింది. "ఒరే, నాకు అక్షరం ముక్క రాదని మరిచిపోయావట్రా? రాసుకోవడం రాకే కదా, నువ్వు టేపు పట్టి అరిచిందల్లా ఇక్కడ కూర్చుని గుర్తుపెట్టుకుంటున్నాను. నువ్వు తప్పు చూస్తే కంటితో సరిచూసుకుంటాను."

అతను అమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

కూతురు అప్పటికే నానమ్మ కాళ్ళ దగ్గర కొత్త పుస్తకం తెరుచుకుని కూర్చుంది. పెళ్ళాం ఆ పక్కనే ఇంకో పీట వేసింది.

"కూర్చోండి," అంది. "నేర్పిస్తానన్నారుగా. ముందు మీరు నేర్చుకోండి."