ఇరవై ఐదు కాగితాల కట్ట

పరీక్ష రోజు పొద్దున స్నేహలత ఆకుల చాట ముట్టలేదు. పన్నెండో ఏట నుంచి బీడీలు చుడుతున్న ఆ చేతులు ఆ పూట కలం తప్ప మరొకటి పట్టకూడదని కూతురు నిఖిత హుకుం జారీ చేసింది. ఇంటర్ చదువుతున్న నిఖిత పరీక్షల విషయంలో తల్లికి గురువు, గురువులాగే ఓపిక తక్కువ.

"అమ్మా, ఆఖరుసారి చెప్తున్న. ఎరుకైన ప్రశ్నలు ముందుగాల రాయి. నంబరు ఎయ్యి. సందు ఇడిసి పెద్దగ రాయి. కాగితాలు అయిపోతే ఎడిషనల్ అడుగు, సిగ్గుపడకు."

"ఆకు తక్కువ తూకమేస్తే కార్ఖానల కొట్లాడేదాన్ని. కాగితాలకు సిగ్గుపడుతనా?"

ఓపెన్ స్కూలు పదిలో అన్నీ గట్టెక్కాయి. సోషల్ ఒక్కటే రెండుసార్లు ముంచింది. ఈసారి మెమో చేతికొస్తే కార్ఖానాలో చెకర్ కొలువు ఇస్తామన్నారు. ఇరవై ఏళ్లుగా ఆమె కట్టిన కట్టలు విప్పి, వంక పెట్టి, బీడీలు ఏరి పక్కన పడేస్తున్న కుర్చీ అది. ఒక్కసారైనా ఆ కుర్చీలోంచి లోకాన్ని చూడాలని స్నేహలత కోరిక. ఆ కోరికతోనే నిజామాబాద్‌లో బస్సెక్కి బోధన్‌లోని పరీక్ష కేంద్రంలో దిగింది.

పక్క బెంచీలో ధనుంజయ్ అనే చెరకు ట్రాక్టర్ డ్రైవరు కూర్చున్నాడు. బెల్లు కొట్టకముందే తన పద్ధతి దాచుకోకుండా చెప్పేశాడు. "నాకేం రాదక్కా. ప్రశ్ననే అటు తిప్పి ఇటు తిప్పి రాస్త. దిద్దేటోళ్లకు అంత సదివే తీరిక యాడిది?"

స్నేహలత గురువు చెప్పినట్టే పదకొండో ప్రశ్నతో మొదలుపెట్టి, నాలుగుకు దూకి, తొమ్మిదికి వెళ్లింది. పది నిమిషాలు మిగిలాయనగా పర్యవేక్షకురాలు సుధారాణి కాగితాలు కట్టుకోవడానికి దారాలు పంచింది. ధనుంజయ్ చేతిలో దారం నిలవడం లేదు. "అక్కా, జర గిది గట్టి పుణ్యం గట్టుకో" అని తన కాగితాలు ఆమె ముందుకు తోశాడు.

స్నేహలత మనసింకా రెండో ప్రశ్న దగ్గరే ఉంది. మంజీర ఏ జిల్లాలో పుట్టిందో రాశానా లేదా అని ఆలోచిస్తుండగా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తనవి పదమూడు, అతనివి పన్నెండు. ఇరవై ఐదు నిండగానే రెండు చుట్లు తిప్పి, ముడి బిగించేశాయి. బీడీ కట్టకు ఇరవై ఐదే కదా.

చూసుకునేసరికి ఇద్దరి కాగితాలూ ఒకే కట్టలో ఉన్నాయి. ఆ ముడి విప్పితే వచ్చేది కాదు, తెంపాలి. పరీక్ష గదిలోకి బ్లేడు రానివ్వరు. తల వంచి పళ్లతో కొరకసాగింది.

"ఏంటి నములుతున్నావు? చీటీ మింగేస్తున్నావా?" సుధారాణి పరుగున వచ్చింది.

"దారం మేడం."

"నోరు తెరువు."

నోట్లో దారం పోగు కనబడింది, చేతిలో ఇద్దరి జవాబులు ఒకే కట్టగా కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి మహేందర్ లోపల అడుగుపెట్టాడు.

"ఇద్దరూ కలిసి రాశారు సార్. బుక్ చేయండి" అంది సుధారాణి.

స్నేహలతకు కుర్చీ కళ్లముందే కూలిపోయింది. ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేను గావాలని గట్టలే సారూ. చేతులే గట్టినయి."

మహేందర్ కట్ట అందుకుని, దాని అంచు మీద బొటనవేలు ఆడించాడు. "ఇరవై ఐదా?" అన్నాడు.

"ఇరవై ఐదే సార్."

తర్వాత రెండు రాతలూ తిరగేశాడు. ఒకటి పదకొండో ప్రశ్నతో మొదలై నాలుగుకు దూకింది. రెండోది ఒకటి నుంచి వరసగా సాగింది, జవాబు మాత్రం ఎక్కడా తగల్లేదు. "చూసి రాసుకుంటే ఈయనకు ఒక్క జవాబన్నా రావాలె గద మేడం" అన్నాడు. దారాన్ని చూపుడువేలికి చుట్టి ఒక్క గుంజు గుంజాడు. అది పుటుక్కున తెగింది.

"మా అవ్వ గూడ బీడీలే చేసేది" అని కాగితాలు రాతను బట్టి వేరుచేసి ఇచ్చాడు. "ఈసారి ఎవరిది వాళ్లే కట్టుకోండ్రి."

ఫలితాలొచ్చాయి. స్నేహలతకు సోషల్‌లో నలభై ఒకటి. ఆ రాత్రి మెమో తలగడ కింద పెట్టుకుని పడుకుంది, సోమవారం వెళ్లి కుర్చీలో కూర్చుంది. ధనుంజయ్ ఫోన్ చేసి తనకు యాభై ఎనిమిది వచ్చాయని చెప్పాడు.

పరీక్షలు దగ్గరపడుతున్న నిఖిత తల్లి దగ్గర ఆ డ్రైవర్ నంబరు తీసుకుంది.