జిల్లాలో లేని జబ్బు

నేత్ర మిషన్ జిల్లా చైర్మన్ మారెప్ప గారు పెనుకొండ సభలో మైకు అందుకుని, "ఇక మన జిల్లాలో ఒక్క కన్ను కూడా ముక్కు వైపు చూడదు! లోపలికి తిరిగే మెల్లకన్నును నేటితో నిర్మూలించాం" అని ప్రకటించారు. ఆయన మాటల మనిషి కారు, చేతల మనిషి. ఆ సాయంత్రమే ఆసుపత్రుల కంప్యూటర్లలోంచి ఆ జబ్బు కోడ్ తీయించేశారు. కోడ్ లేకపోతే కేసు లేదు, కేసు లేకపోతే జబ్బు లేదు. ఇంత తేలికైన వైద్యం ఇన్నాళ్లూ డాక్టర్లకు తట్టకపోవడం మన దురదృష్టం.

సోమందేపల్లిలో బట్టలు కుట్టుకునే షహీన్‌కు ఈ సంగతి తెలియదు. ఆమె కూతురు కౌసర్‌కు ఆరేళ్లు. కుడికన్ను ముక్కు వైపు ఒరిగిపోయింది. "ఆలస్యం చేస్తే ఆ కన్ను చూడడమే మరిచిపోతుందమ్మా, వెంటనే ఆపరేషన్ చేయించు" అని హిందూపురం డాక్టరు చెప్పేసరికి పాపను చంకనేసుకుని, ఉచిత ఆపరేషన్ల మంజూరు కౌంటర్ దగ్గరికి పరుగెత్తింది.

కౌంటర్లో పవన్ కుమార్ కీబోర్డు టకటకలాడించాడు.

"కంప్యూటర్ కోడ్ తీసుకోడం లేదక్కా. ఈ జబ్బు మన జిల్లాలో సోమవారమే అయిపోయింది."

"అయిపోయేదేందప్పా? బిడ్డ మొగం చూడు. ఎదురుగానే ఉండాది కదా!"

"నాకు కనపడతాండాది. కంప్యూటర్‌కు కనపడల్ల కదా."

పవన్ మంచివాడు. బయటికి తిరిగే కన్నుకు ధర్మవరంలో ఆపరేషన్ చేస్తారని, ఆ కోడ్ ఇంకా బతికే ఉందని, దాని నిర్మూలన సభ వచ్చే నెలలో పెట్టుకున్నారని గుట్టుగా చెప్పాడు. షహీన్ మర్నాడే ధర్మవరం బస్సెక్కింది. అక్కడ ఆ కోడ్ పడింది, మంజూరూ వచ్చింది. సర్జన్ భాగ్యశ్రీ మాత్రం కాగితాన్ని ఒకసారి, పాపను ఒకసారి చూసి తల పట్టుకుంది.

"కాగితం ప్రకారం చేస్తే కన్ను ఇంకా లోపలికి పోతాది. కంటి ప్రకారం చేస్తే ఆడిట్‌లో నా ఉద్యోగం పోతాది."

"మరి నేను యాడికి పోవల్ల తల్లీ?"

"జబ్బు ఉండే చోటికి పో. బెంగళూరులో ట్రస్టు ఆసుపత్రి ఉండాది. ఆడ పిల్లోళ్లకు ఊరికే చేస్తారు."

రైలు రాష్ట్రం దాటి, సరిహద్దు అవతలి గౌరిబిదనూరులో ఆగగానే షహీన్‌కు ఊపిరి తిరిగింది. ఇక పాపకు జబ్బు ఉన్నట్టే.

ఆసుపత్రి బెంచీ మీద ఆమె పక్కన ఒక పెద్దమనిషి నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ఒడిలో మనవడు. వాడి ఎడమకన్ను ముక్కును వదిలి రానంటోంది. ఊరూరా ఫ్లెక్సీల్లో చూసిన మొహం కనుక షహీన్ ఇట్టే పోల్చుకుంది.

"నమస్తే సార్. మీరు కూడానా?"

"ఛఛ, అధ్యయనం! పక్క రాష్ట్రంలో ఈ జబ్బు ఎంత ఘోరంగా ఉండాదో చూద్దామని వచ్చినా" అన్నారు మారెప్ప గారు, మనవడి తలను కండువాలో దాచుకుంటూ.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. "యావ ఊరు?" అని కన్నడంలో షహీన్‌ను ఏ ఊరో అడిగింది.

"సోమందేపల్లి" అంది షహీన్ గట్టిగా.

డాక్టరమ్మ కౌసర్ కంట్లోకి లైటు వేసి చూసి, ఇంకా మించిపోలేదు, ఆపరేషన్ రేపే అంది. షహీన్‌కు సంతోషంతో కన్నీళ్లు ఆగలేదు.

డాక్టరమ్మ మారెప్ప గారి వైపు తిరిగి అదే ప్రశ్న వేసింది. ఆయన అటూ ఇటూ చూశారు. గొంతు బాగా తగ్గించి చెప్పారు.

"గౌరిబిదనూరు."